పసిదాని పక్కన జీడి

మా వియ్యపురాలు పద్మగారిని నేను ఆ వేసవిలో క్షమించలేదు. ఇప్పుడూ క్షమించలేదు. ముందే చెప్పేస్తున్నాను, చివరికి నా మనసు కరిగిందంటానేమోనని కాచుక్కూర్చునేవాళ్లుంటే ఇక్కడే లేచి వెళ్లి స్టవ్ మీద పప్పు చూసుకోవచ్చు.

నేను చదివింది అయిదో తరగతి. లెక్కలు రావు, ఇంగ్లీషు రాదు. కానీ మర్చిపోవడం అంతకన్నా రాదు. మా అమ్మాయి నీహారిక పెళ్లిలో ఆవిడ మా పులిహోర ఒక్క మెతుకు నోట్లో వేసుకుని, "చింతపండు పిసికినావిడకి చెయ్యి నొప్పేమో పాపం" అంది. అప్పుడు కట్టుకున్నది వంకాయ రంగు పట్టు చీర. పక్కన నిలబడి నవ్విన ఆడపడుచు ముక్కుపుడకలో ఒక రాయి ఊడిపోయి ఉంది. మేం పెట్టిన చీర అంచు సన్నమని వెనక్కి పంపిందీ గుర్తుంది. ఇవన్నీ పెళ్లిళ్లలో ఉండేవే, ఏదో సర్దుకున్నాను. అమెరికాలో మా అమ్మాయి వాళ్ల ఊరు, ఈ కమ్మింగ్‌లో జరిగింది సర్దుకునేది కాదు.

పురుటికని నేను అమెరికా వెళ్లేసరికి ఆవిడ అప్పటికే దిగిపోయి, వంటింట్లో పోపుడబ్బా తన చేతివాటానికి మార్చేసుకుని ఉంది. అమ్మమ్మ, నాయనమ్మ ఒకే స్టవ్ దగ్గర. బయట ఎండ మండిపోతోంది, ఇంట్లో ఏసీకి మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఆ ఇంట్లో మా ఇద్దరికీ మధ్య అడ్డంగా పడుకుని, ఎవరు కాలు కదిపితే వాళ్ల వైపు తోక ఆడించేవాడు ఒకడున్నాడు. వాడే జీడి. జీడిపప్పు రంగు కుక్క. చెవులు పెద్దవి, బుద్ధి చిన్నది, ప్రాణం మెత్తన.

వాడు ఆ ఇంటికి ఎలా వచ్చాడో చెప్పాలి. మా అమ్మాయికి మొదటి కడుపు నిలవలేదు. అల్లుడు ఫణికుమార్‌కి అప్పట్లో బెంటన్‌విల్‌లో ప్రాజెక్టు, వారమంతా అక్కడే, శుక్రవారం రాత్రికి ఫ్లైట్‌లో వచ్చేవాడు. నాకు వీసా రాలేదు. అంత ఇంట్లో ఒక్కతే ఉండలేక దిక్కులేని కుక్కల్ని ఉంచే షెల్టర్‌కి వెళ్లి ఈ జీడిని తెచ్చుకుంది. వీడియో కాల్ చేస్తే మా అమ్మాయి ముఖం సగం, వాడి చెవి సగం కనిపించేవి. "తిన్నావా అమ్మా?" అని నేనడిగితే, "వీడు తినేదాకా వదలడమ్మా, గిన్నె తెచ్చి కాళ్ల మీద పడేస్తాడు" అనేది. నేను చెయ్యాల్సిన పని వాడు చేశాడు. అది నేను మరిచిపోతానా?

పాప పుట్టింది. బారసాలకి ముందే ఇంట్లో ఫొటోలు తీయించాలని నీహారిక ముచ్చట. పాప, పక్కన జీడి. పురిటి మంచం మీదే, "వీళ్లిద్దరిదీ ఒక్క ఫొటో ఉంటే చాలమ్మా నాకు" అంది.

ఆ ఫొటో పద్మగారికీ కావాలి, వేరే కారణానికి. మోరిస్‌విల్‌లో ఉన్న ఆవిడ చెల్లెలు, తన మనవరాలి బుగ్గకి పిల్లి ముక్కు ఆనించి ముద్దు పెడుతున్న ఫొటో కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. వందమంది హార్టులు కొట్టారు. ఆ రోజు నుంచి ఈవిడకి అన్నం సహించడం లేదు.

ఫొటోలు తీసే అమ్మాయి పేరు ఉజ్వల. పసిపిల్లల ఫొటోలే తీస్తుందట. సంచులు భుజాన వేసుకుని గుమ్మంలోకి వస్తూనే ప్రశ్నలు మొదలెట్టింది.

"జీడిని వాక్‌కి తీసుకెళ్లారా?"

"రెండు రౌండ్లు కొట్టించాను, అలిసిపోయాడు" అన్నాడు ఫణి.

"ఫుడ్?"

"పెట్టేశాం."

"గుడ్. లీష్ తాడు మీ చేతిలోనే ఉండాలి అన్నా, ఫొటోలో కనపడకుండా నేను ఎడిట్ చేసేస్తా. నీహా, పాప మీద నీ చెయ్యి ఒకటి ఎప్పుడూ ఉండాలి. జీడి ఆవలించినా, మూతి నాక్కున్నా, మొహం తిప్పేసుకున్నా వాడికి చాలని అర్థం. అక్కడితో ఆపేద్దాం."

పద్మగారు ముందుకొచ్చింది. "వాడి వీపు మీద పడుకోబెట్టి తీయొచ్చుగా అమ్మా? ఫోన్‌లో బోలెడు చూశాను."

"అవి విడివిడిగా తీసి కలిపినవి ఆంటీ. పాపని కుక్క మీద పెట్టరు."

"పోనీ ముద్దు? మా చెల్లెలి మనవరాలికి పిల్లే పెట్టింది."

"పెడితే పెడతాడు, లేదంటే లేదు. మనం పెట్టించకూడదు ఆంటీ."

ఆ పిల్ల నవ్వుతూనే చెప్పింది. పద్మగారు మూతి ముడుచుకుని సోఫాలో కూర్చుంది.

కిందనే మెత్తటి బొంత పరిచారు. పాపని తెల్ల గుడ్డలో పొట్లం కట్టినట్టు చుట్టి పడుకోబెట్టారు. జీడి మూరెడు దూరంలో, ముందు కాళ్ల మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. పాప ఊపిరి తీస్తే వాడి చెవులు కదులుతున్నాయి. మా అమ్మాయి ఆ ఇద్దర్నీ చూసుకుంటుంటే నేను దాని ముఖం చూశాను. కడుపు నిండిపోయింది.

ఇంతలో పాప పక్క తడిపింది. "బ్రేక్" అంది ఉజ్వల. ఫణి పాపని ఆరిన ఇంకో తెల్ల గుడ్డలోకి మార్చి, "అమ్మా, ఎత్తుకుని సోఫాలో కూర్చో. జీడిని దగ్గరికి రానివ్వకు" అని తల్లి చేతికిచ్చి, డైపర్ల కోసం మేడ మీదకి వెళ్లాడు. వెళ్లే ముందు లీష్‌ని తలుపు గొళ్లానికి తగిలించాడు. నీహారిక బాత్రూమ్‌కి వెళ్లింది. ఉజ్వల దీపాలు సర్దుకోవడానికి అటు తిరిగింది. నేను వంటింట్లో వాము కషాయం వడగడుతున్నాను.

కేక వినపడింది. పద్మగారిది ముందు, పాపది తరవాత.

నేను పరిగెత్తేసరికి పాప బుగ్గ మీద, కంటికి కాస్త కింద, ఎర్రగా గీత. జీడి లీష్ ఈడ్చుకుంటూ సోఫా వెనక నక్కాడు. పద్మగారు పాపని గుండెకి అదుముకుని అరుస్తోంది.

"కరవబోయింది రా! ఊరికే కూర్చున్నదాన్ని, వచ్చి మీద పడింది! నేను లాక్కోకపోతే కన్ను పోయేది!"

డాక్టరు చూసి, పంటిగాటు కాదు, గోరు గీసుకుంది, మాసిపోతుంది అంది. కానీ ఫణి చెవికి అదేం ఎక్కలేదు. కారు దిగి ఇంట్లోకి వస్తూనే, "వాడు ఇంక ఈ ఇంట్లో వద్దు" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే ఎవరైనా ఎదురు చెప్పేవాళ్లు. నీహారిక నోరు తెరిచింది, ఒళ్లో పాప బుగ్గ చూసింది, నోరు మూసుకుంది. తల్లి అయ్యాక ఇంకేం మాట్లాడుతుంది?

ఆ సాయంత్రమే ఫణి స్నేహితుడు రాజీవ్ వచ్చి జీడిని కారెక్కించుకున్నాడు. కారు అంటే వాడికి షికారు. తోక ఊపుకుంటూ ఎక్కి, కిటికీలోంచి మా అందరికేసి, మీరూ రండి అన్నట్టు చూశాడు. అలబామా నుంచి ఒక కుటుంబం బారసాల మర్నాడు వచ్చి వాడిని తీసుకుపోయేట్టు మాట్లాడుకున్నారు.

మర్నాడు పాప గుడ్డలు నా చేత్తో ఉతుకుతున్నాను. మిషన్‌లో వేస్తే నాకు తృప్తి ఉండదు. ఫణి మార్చిన ఆ రెండో తెల్ల గుడ్డ మడత విప్పేసరికి నెయ్యి మరక. మరక మధ్య పిండి రవ్వలు, బెల్లం జిగురు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. దోరగా వేయించిన మినప్పిండి వాసన.

సున్నుండ.

బాలింతకి బలమని నేనే చేశాను. మినుములు వేయించింది నేను, పిండి పట్టింది నేను, నెయ్యి కాచింది నేను. నా సున్నుండ వాసన నాకు తెలీదా? డబ్బా మూత తీస్తే చాలు, జీడి మేడ మీద నుంచి దొర్లుకుంటూ వచ్చేవాడు. అది ఇంట్లో అందరికీ తెలుసు. ఆరిన గుడ్డ మార్చాక పాపని ఎత్తుకున్నది ఒక్కరే.

తడి చేతులతో అలాగే నిలబడిపోయాను. అదీ సంగతి! ముద్దు కావాల్సి వచ్చింది మహాతల్లికి. పాప బుగ్గ పక్కన మడతలో సున్నుండ దోపి, తన ఫోన్‌లో తీసుకుందామని, "రారా" అని పిలిచింది. ఆ పిచ్చి సన్నాసి గొళ్లెం నుంచి లీష్ లాక్కుని వచ్చాడు, మూతి దూర్చాడు, అందకపోతే కాలు వేశాడు. చేసినది ఈవిడ. ఇల్లు విడిచింది వాడు.

చెప్పెయ్యొచ్చు కదా అంటారు. ఎవరికి? నేను చెబితే కోడలి తల్లి వియ్యపురాలి మీద చెప్పిన చాడీ అవుతుంది. ఆవిడ కళ్లొత్తుకుంటుంది, ఫణి ఇద్దరి మధ్యా నలిగిపోతాడు, జీడి అలబామా పోతాడు. అలా కాదు. ఆవిడ నోటితోనే రావాలి. పదిమంది ముందు రావాలి. నా పులిహోర సంగతి కూడా అందులో కలిసి ఉందా అంటే, ఉంది. ఎందుకుండదు?

ఆ రోజు నుంచి పద్మగారి కాఫీ నేనే కలిపాను. కాఫీ పక్కన చిన్న పళ్లెం. పళ్లెంలో ఒక్క సున్నుండ.

"తీసుకోండి వదినగారూ."

మొదటి రోజు తినేసింది. "బాగా కుదిరాయి" అంది కూడా.

"జీడికి కూడా ఇష్టం కదండీ, పాపం" అన్నాను, పాల గిన్నె తోముకుంటూ.

మర్నాడు మళ్లీ పళ్లెం. ఆవిడ కాఫీ మాత్రం తాగింది. ఆ మర్నాడు పళ్లెం దూరంగా జరిపింది. "నాకు షుగర్ వదినగారూ."

"అయ్యో, ఎప్పుడు వచ్చింది? మొన్నటిదాకా లేదే."

"ఈ మధ్యనే."

"ఇది పంచదార కాదు లెండి, బెల్లం. గుడ్డకి అంటుకుంటే మాత్రం ఓ పట్టాన వదలదు."

ఆవిడ సగం కాఫీ వదిలేసి లేచింది. నేను తలెత్తలేదు. అలా రోజూ పెట్టాను. ఫణి ముందు పెట్టాను, నీహారిక ముందు పెట్టాను. ఎంత మర్యాదగా పెట్టానంటే, "మా అత్తయ్యగారికి మా అమ్మంటే ఎంత ప్రేమో" అని అల్లుడు ఆఫీస్ వాళ్లతో చెప్పుకున్నాడు.

ఈలోగా మా అమ్మాయి జీడి పడుకునే పక్క పారెయ్యలేక, అలాగని చూడలేక, దాని మీద ఉతికిన పాప బట్టలు పెట్టేది. మడత పెట్టడానికి వెళ్లి అక్కడే కూర్చుండిపోయేది. పాపకి పాలు సరిగా పడటం లేదు, ఎలా ఉన్నావని నర్సు ఫోన్‌లో అడిగితే, "ఐయామ్ ఫైన్" అనేది. బారసాల ముందు రోజు ఆ బట్టల దగ్గర అది కూర్చున్న తీరు పద్మగారూ చూసింది, నేనూ చూశాను. ఆవిడ వంటింట్లోకి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఏం కావాలి మీకు?"

"నాకేం కావాలి వదినగారూ? పెసరపప్పు నానబెట్టుకోవాలి."

"నేను కావాలని చెయ్యలేదు. ఒక్క ఫొటో... ముద్దొస్తుందనుకున్నాను."

"గోరు గీసుకోవడం పొరపాటు. ఒప్పుకుంటాను. కరవబోయిందన్నారే, అదీ పొరపాటేనా?"

ఆవిడ పైట చెంగు వేలికి చుట్టుకుంది. "కుక్కని తీసుకురమ్మని ఫణికి నేను చెబుతాను. ఏదో కారణం చెబుతాను."

"ఏదో కారణం అక్కర్లేదు."

"నా కొడుకు ముందు నన్ను ఇలా నిలబెట్టకండి. వాడు ఇంక పాపని నా చేతికివ్వడు."

నేను ఆలోచించాను. అబద్ధం ఎందుకు, ఆలోచించాను. ఆవిడ చెప్పింది నిజమే, ఫణి తత్వం నాకూ తెలుసు. సింక్‌లో పప్పు కడిగి, నీళ్లు వంచి, మళ్లీ కడిగాను.

"రేపు రాజీవ్ వస్తాడు వదినగారూ. అలబామా వాళ్లు ఎల్లుండి" అని మాత్రం అన్నాను.

బారసాలకి నాలుగు కుటుంబాలు వచ్చాయి. ఉయ్యాలకి పూలదండలు చుట్టారు. పంతులుగారు పళ్లెంలో బియ్యం పోయిస్తే ఫణి ఉంగరంతో పేరు రాశాడు, దియ అని. పాప చెవిలో మూడుసార్లు చెప్పాడు. పాపని నాయనమ్మ ఒళ్లో పెట్టి అక్షింతలు వెయ్యమన్నారు. ఆవిడ ఎర్ర అంచు తెల్ల చీర కట్టుకుంది, పాపని ఎంత పదిలంగా పట్టుకుందో కూడా చెప్పాలి. బాగా పట్టుకుంది.

రాజీవ్ ఒక పక్క నిలబడి, "ఫణీ, రేపు పదకొండుకి వస్తామన్నారు, పేపర్స్ సైన్ చేస్తే చాలు" అంటున్నాడు. మా అమ్మాయి ఉయ్యాల తాడు పట్టుకుని దండలోంచి ఒక్కో పువ్వూ తుంపుతోంది.

నేను సున్నుండల పళ్లెం పట్టుకుని అందరి ముందుకీ వెళ్లాను. వచ్చినవాళ్లందరూ తలొకటి తీసుకున్నారు. చివరికి ఆవిడ ముందు ఆగాను.

"తీసుకోండి వదినగారూ."

ఆవిడ పళ్లెంకేసి చూసింది. నాకేసి చూసింది. నేను పళ్లెం జరపలేదు. చుట్టూ ఆడవాళ్లు, "తీసుకోండి ఆంటీ, తియ్యటి రోజు" అంటున్నారు.

"ఫణీ" అంది ఆవిడ. పాప గుడ్డ సర్దింది. మళ్లీ అంది. "ఫణీ, ఆ రోజు పాప గుడ్డలో నేను సున్నుండ పెట్టాను రా. ముద్దు పెడతాడని. వాడు కరవలేదు. నేనే అలా చెప్పాను."

ఫణి బియ్యం పళ్లెం పక్కన పెట్టాడు. వంగి, తల్లి ఒళ్లోంచి పాపని తీసుకుని, నీహారిక చేతుల్లో పెట్టాడు. చేతికంటిన బియ్యం గింజలు దులుపుకున్నాడు.

"రాజీవ్, వాడి గిన్నె, సామాను కూడా తెచ్చెయ్" అన్నాడు.

అంతే. పంతులుగారు హారతి వెలిగించారు.

ఆ క్షణం ఎలా ఉందని అడిగితే, తియ్యగా ఉంది. మా అమ్మాయి ఏడుస్తూ నవ్వడం చూశాను, ఇంకా తియ్యగా ఉంది.

జీడిని కూడా ఊరికే తెచ్చి వదిలెయ్యలేదు. ముందు పాప గుడ్డ వాసన చూపించారు. తరవాత గది అవతలి నుంచి చూడనిచ్చారు. లీష్‌తో ఇంకాస్త దగ్గరికి తెచ్చారు. వాడు గీత మాసిపోయిన బుగ్గకేసి కన్నెత్తి చూడకుండా, నీహారిక పాదాల మీద గడ్డం పెట్టుకుని పెద్దగా నిట్టూర్చాడు. మా అమ్మాయి వాడి చెవి పట్టుకుని కూర్చుంది.

పద్మగారు పాప ఏడ్చినప్పుడల్లా లేచేది. "నువ్వు కూర్చో అమ్మా, నేను చూసుకుంటా" అనేవాడు ఫణి, మెత్తగా. ఎప్పుడూ మెత్తగానే అనేవాడు. ఆవిడ కూర్చునేది. ఆ చేతులు ఒళ్లో ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర మడతలు సవరించుకునేది. నాకు జాలి వేయాలి కదా? బట్టల కుప్ప పక్కన నా కూతురు కూర్చున్న తీరు గుర్తు తెచ్చుకునేదాన్ని. జాలి రాలేదు.

ఉజ్వల మళ్లీ వచ్చింది. మళ్లీ అవే ప్రశ్నలు, వాక్, ఫుడ్, లీష్. ఈసారి పాపని ఎవరు ఎత్తుకోవాలో, బ్రేక్‌లో జీడిని ఏ గదిలో పెట్టాలో కూడా ముందే చెప్పింది. నీహారిక పాపని ఒళ్లో పెట్టుకుని చాప మీద కూర్చుంది. ఫణి లీష్ పట్టుకుని ఒక పక్క. "అమ్మా, నువ్వూ రా" అని మా అమ్మాయి పిలిస్తే నేను రెండో పక్క కూర్చున్నాను. జీడి మా ముందు బుద్ధిగా పడుకున్నాడు.

కానీ వాడు కెమెరాకేసి చూడడం లేదు. ఉజ్వల నాలుక చప్పరించింది, బొమ్మ ఆడించింది, పేరు పెట్టి పిలిచింది. వాడు వంటింటి గుమ్మానికేసి తిరిగి తోకతో నేల కొడుతున్నాడు. అక్కడ పద్మగారు ద్వారబంధానికి ఆనుకుని నిలబడి ఉంది. ఇంట్లోంచి తరిమించిన మనిషిని వాడు ఆశగా చూస్తున్నాడు. వాడికి గుర్తులేదు.

"ఆంటీ, మీరు ఇటొచ్చి నా వెనక నిలబడతారా? వాడు మిమ్మల్నే చూస్తున్నాడు" అంది ఉజ్వల.

ఆవిడ వచ్చి కెమెరా వెనక నిలబడింది. జీడి తల ఇటు తిరిగింది, చెవులు నిక్కాయి. "పర్ఫెక్ట్! ఎవరూ కదలొద్దు" అంది ఉజ్వల.

ఆవిడ నాకేసి చూసింది. పిలవమని అడగలేదు. నా పక్కన చాప మీద ఇంకో మనిషికి చోటుంది. కాస్త ఒత్తుకుంటే హాయిగా సరిపోతుంది.

నేను చీర కుచ్చెళ్లు ఆ చోటంతా పరుచుకునేట్టు సర్దుకుని, నవ్వాను.